విద్యార్థి నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు

మన తాతముత్తాతల కాలమున తెలుగు పల్లెలలో ద్వీపాంతరము అను మాట వినిన తల్లులు బిడ్డలను గుండెలకు హత్తుకొనెడివారు. ఆ మాటకు అర్థము ఈ అండమాను దీవులే. నేడు మనము బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొని, భార్యాబిడ్డలతో, సామాను పెట్టెలతో ఈ రేవున దిగుచున్నాము. ఆనాడు దిగినవారి కాళ్లకు సంకెళ్లుండెడివి. 2024 లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరు నగరమున, సముద్రమునకు ఎదురుగా నిలిచియున్న సెల్యులర్ జైలు 1906 నాటికి పూర్తియయ్యెను. దాదాపు 700 ఒంటరి గదులుగల ఆ కట్టడమునకు 1909 మొదలు రాజకీయ ఖైదీలు రాసాగిరి.

ఆ వచ్చినవారిలో కళాశాల వదలి ఎన్నో ఏండ్లు కాని యువకులు పలువురు కలరు. ఉల్లాస్కర్ దత్తు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా, వంగీయులను కించపరచిన ఆంగ్లాచార్యుని కొట్టి కళాశాలనుండి వెడలగొట్టబడినవాడు. అలహాబాదునుండి వెలువడిన స్వరాజ్య అను ఉర్దూ వారపత్రికకు ఒకరి తరువాత ఒకరుగా సంపాదకులైన వారిలో నందగోపాలు, లధారాము మొదలగువారు ఈ జైలుకే పంపబడిరి. ఒక సంపాదకుడు జైలుకు పోగానే మరియొకడు ఆ కుర్చీలో కూర్చుండెడివాడు. ఆ పత్రికకు అదియే రివాజు.

సరిగా ఆ సంవత్సరములలోనే, స్వరాజ్య అను ఆ పేరుతోనే, తెలుగుదేశమున బెజవాడనుండి ఒక పత్రిక వెలువడెను. దాని సంపాదకుడును కళాశాలనుండి వెడలగొట్టబడినవాడే. రాజద్రోహ నేరముపై శిక్షింపబడినవాడే. ఆయనను ఈ దీవులకు పంపలేదు, వెల్లూరు జైలునందుంచిరి. అయినను ఆయన జీవితము ఈ జైలు గోడలనడుమ గడచిన జీవితములకు తోబుట్టువు వంటిది. ఆయనయే గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14 వ తేదీన కర్నూలులో జన్మించిరి. సంపన్న కుటుంబము కాదు. చదువుకొరకు కర్నూలు, గుత్తి, నంద్యాల మొదలగు ఊళ్లలో నివసించి, తుదకు మద్రాసు చేరి 1906 లో ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ రోజులలో ఎం.ఏ. యనిన సామాన్యమా? పేదయింటి బిడ్డకు ఆ పట్టమొక బంగారు తాళపుచెవి. దానితో తెరువబడు తలుపు ప్రభుత్వోద్యోగము. ఆ ఉద్యోగమునకు తగిన శిక్షణకొరకే ఆయన రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిరి. ఇంకొక ఏడాది తలవంచుకొని గడపినచో జీవితమంతయు నిశ్చింతగా గడచిపోయెడిది.

కాని 1907 వ సంవత్సరము తలవంచుకొని గడుపుటకు అనువైనది కాదు. 1905 లో వంగదేశమును రెండుగా చీల్చినందున రగిలిన స్వదేశీ ఉద్యమము దక్షిణమునకు ప్రాకుచుండెను. 1907 ఏప్రిలు మాసమున బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి, రాజమహేంద్రవరమున కొన్ని దినములు ఉపన్యసించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ఉపన్యాసములను తెనుగు చేసి వినిపించిరి. గోదావరి యొడ్డున సాయంకాలములందు జనము తిరునాళ్లవలె కూడెను. ఆ జనములో ముందు వరుస విద్యార్థులది.

కళాశాల ప్రధానాచార్యుడు మార్క్ హంటరు దొర. విద్యార్థులు వందేమాతరమను బ్యాడ్జీలు ధరించి తరగతులకు రాగూడదని ఆయన శాసించెను. విద్యార్థులు ధరించియే వచ్చిరి. ఒక చిన్న గుడ్డముక్కకు ఇంత రభసయేలయని నేటివారు అనుకొనవచ్చును. తరగతి గదిలో తెల్లదొర యెదుట, తన మార్కులును తన భవిష్యత్తును అతని చేతనుండగా, ఆ గుడ్డముక్కను గుండెపై పెట్టుకొని కూర్చుండుట చిన్న పని కాదు. నాటి విద్యార్థులకు ఎన్నికలు పెట్టుకొనిన సంఘము లేదు, నియమావళి లేదు, వెనుక నిలుచు రాజకీయ పక్షమును లేదు. వయస్సున పెద్దవాడు, ఎం.ఏ. చదివినవాడు అగుటచే హరిసర్వోత్తమరావుగారే వారికి నాయకులైరి. నాయకత్వమనగా ఆనాడు దండలు వేయించుకొనుట కాదు, దండనలో ముందు నిలుచుట.

దండన రానేవచ్చెను. పలువురు విద్యార్థులపై కళాశాల చర్య తీసికొనెను. హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి బహిష్కరించి, ప్రభుత్వోద్యోగమునకు అనర్హుడని ప్రకటించిరి. ఆ సంవత్సరముననే కాకినాడలో జిల్లా వైద్యాధికారియగు కెంపు దొర, వందేమాతరమని పలికిన ఒక బాలుని కొట్టగా, ప్రజలు ఆగ్రహించి యూరోపియనుల క్లబ్బుపై పడిరి. విద్యార్థి నోటినుండి వెడలిన ఒక మాట ఊరి మాటయై, ఊరి మాట దేశపు మాటయైన కాలమది.

పాఠకులలో పెక్కుమంది ప్రభుత్వోద్యోగులు. అనర్హుడను మాట బరువు మనకు తెలియనిది కాదు. సర్వీసు పుస్తకములో ఒక ఎఱ్ఱసిరా గీత పడినచో రాత్రులు నిద్రపట్టదు. ఇరువదిమూడేండ్ల యువకునికి సర్వీసు పుస్తకము తెరువకముందే దానిని మూసివేసిరి. క్షమాపణ వ్రాసి తిరిగి చేరుదమను ఆలోచనకు ఆయన తావీయలేదు.

ఆ 1907 లోనే ఆయన వ్రాసిన అబ్రహాం లింకను చరిత్రమును విజ్ఞానచంద్రికా మండలివారు ప్రకటించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు 1906 లో స్థాపించిన ఆ మండలి, తెలుగువారికి సులభమైన వచనమున శాస్త్ర చరిత్రాది గ్రంథముల నందించుటకు పూనుకొనినది. అమెరికాలో నల్లవారి దాస్యవిమోచనమునకు పాటుపడిన మహనీయుని కథను ఒక పరాధీన జాతి యువకుడు తన జాతికొరకు తెలుగున చెప్పుటలోని భావమును పాఠకులు వేరుగా చెప్పకయే గ్రహించిరి. బానిసత్వము ఎక్కడనున్నను బానిసత్వమే, దానిని తొలగించుట మనుష్యమాత్రుల ధర్మమే.

1908 లో బెజవాడనుండి స్వరాజ్య వారపత్రిక వెలువడెను. దానిని బోడి నారాయణరావుగారు ప్రచురించిరి, హరిసర్వోత్తమరావుగారు సంపాదకులు. ఆ మార్చి నెలలో చిదంబరం పిళ్లెగారిని నిర్బంధించినందున తిరునెల్వేలిలో ప్రజలు తిరుగబడగా, పోలీసులు కాల్చిన తుపాకులకు నలుగురు బలియైరి. దానిని నిరసించుచు ఈ పత్రిక తీవ్రమైన సంపాదకీయమును ప్రకటించెను. ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపెను. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని తలచి మద్రాసు హైకోర్టు దానిని మూడేండ్ల కఠినశిక్షగా హెచ్చించెను. రాజకీయ కారణమున చెఱసాల కేగిన తొలి ఆంధ్రులలో ఆయనను పెద్దలు పేర్కొందురు.

వెల్లూరు జైలులో ఆయనను రాజకీయ ఖైదీగా చూడలేదు. దొంగలతోను, హంతకులతోను కలిపి యుంచిరి. కాళ్లకు సంకెళ్లు వేసిరి. అదే కాలమున ఈ దీవులలో నందగోపాలు గానుగ త్రిప్పుటకు నిరాకరించి జైలు అధికారులను ఎదిరించుచుండెను. ఉల్లాస్కర్ దత్తు చిత్రహింసలకు మతి చెదరి, తుదకు మద్రాసులోని మానసిక చికిత్సాలయమునకు పంపబడెను. వీరు ఒకరినొకరు చూచి యెఱుగరు. అయినను వెల్లూరు గోడకును, ఈ సముద్రపు గోడకును వెనుక నడచినది ఒక్కటే కథ.

విడుదలయై వచ్చిన పిమ్మట రాజద్రోహియను ముద్ర ఆయనను వెంటాడెను. అట్టివారికి ఆశ్రయమిచ్చుటకు సైతము జనులు జంకిన రోజులవి. అయినను ఆయన కలము విడువలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికలో పనిచేసిరి. 1916 లో అనీబిసెంటమ్మగారు హోంరూలు ఉద్యమము నారంభింపగా ఆంధ్రశాఖకు కార్యదర్శియై ఊరూర తిరిగిరి. స్త్రీలకొరకు వెలువడిన సౌందర్యవల్లి పత్రికకు తోడ్పడిరి. తరువాత మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా నుండిరి. ప్రజలు ఆయనను ఆంధ్రతిలకుడని పిలిచిరి.

ఇంతవరకు చెప్పినది వీరగాథ. ఆయన జీవితమున దీనికంటె గొప్పదియని ఈ రచయిత తలచునది తరువాతి భాగము.

1907 నాటి విద్యార్థి వీరులను మనము నెత్తిన బెట్టుకొందుము. అది న్యాయమే. కాని నిజము చెప్పవలెను. ఆ కళాశాల గుమ్మము త్రొక్కగలిగినవారెందరు? నూటికి తొంబదిమంది తెలుగువారికి అక్షరము ముక్క రాదు. ఆడపిల్లలకు చదువు అందని మ్రానిపండు. హరిజనుల బిడ్డలు బడి అరుగు ఎక్కుటకే నోచుకొనలేదు. దొర వెడలగొట్టిన విద్యార్థికి కనీసము వెడలగొట్టబడుటకొక కళాశాల యుండెను. వీరికి అదియును లేదు. కొలదిమంది చదువుకొన్నవారు దొరలతో సమానులైనంతమాత్రమున దేశమున సమత్వము వచ్చినట్లు కాదు.

హరిసర్వోత్తమరావుగారు ఈ సత్యమును గ్రహించిరనుటకు వారి శేషజీవితమే సాక్ష్యము. ఆయన తన మిగిలిన బ్రదుకును వయోజన విద్యకును, గ్రంథాలయోద్యమమునకును ధారపోసిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దల పూనికతో 1914 లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు ఆయన 1934 మొదలు దీర్ఘకాలము అధ్యక్షులైరి. చదువురాని రైతుకు రాత్రిబడి, చదువు వచ్చినవానికి ఊరి గ్రంథాలయము, ఈ రెండును జోడెడ్లవలె నడువవలెనని పనిచేసిరి. ఊరినుండి ఊరికి ప్రయాణము చేసి, మూతపడిన గ్రంథాలయములను తెరపించి, గ్రంథాలయ సేవకులకు శిక్షణ యిప్పించిరి.

ఆ ఉద్యమపు దినములలో, 1935 లో, పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపిరి. పడవ ఆగిన రేవున పుస్తకము దిగెడిది. చదివిన పుస్తకము తిరిగి పడవ ఎక్కెడిది. ఓడ వచ్చినదని విని రేవుకు పోయి ఉత్తరములకొరకు కాచుకొను అలవాటుగల మన దీవులవారికి ఆ పడవ విలువ ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇట్టి పాటుల ఫలితముగా 1948 లో మద్రాసు రాష్ట్రమున ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చెను. గ్రంథాలయమును ధనికుని దయాదానము స్థితినుండి తొలగించి ప్రజల హక్కుగా నిలిపిన చట్టమది.

విద్యార్థుల పోరాటమును అంతటితో ఆగలేదు. 1938 లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహ ప్రార్థనలో వందేమాతర గీతము పాడినందుకు బహిష్కృతులైరి. వారికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావుగారు 1991 లో భారత ప్రధానమంత్రి యైరి. రాజమహేంద్రవరమున ఆ మాటకై విద్యార్థులు దండింపబడిన ముప్పదియొక్క ఏండ్లకు మరల అదే దండన! దండించిన ప్రభువులు మారిరి. దండనకు వెఱవని విద్యార్థి మారలేదు.

హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29 న పరమపదించిరి. ఆయనను ఉద్యోగమునకు అనర్హునిగా చేసిన ప్రభుత్వము అప్పటికి పన్నెండేండ్లకు పైగా మునుపే, 1947 లో, ఈ దేశమునుండి నిష్క్రమించియుండెను. ఆయన కూర్చుండలేకపోయిన కుర్చీలలో నేడు మనము కూర్చుండియున్నాము. సెల్యులర్ జైలుకు కూతవేటు దూరమున, ఫ్యానుగాలి క్రింద, మన దస్త్రములు మనము చూచుకొనుచున్నాము. ఆ కుర్చీ ఎవరి త్యాగముతో మనకు లభించినదో ఏడాదికొకసారియైనను తలచుకొనుట మన ధర్మము.

తలచుకొనుటతో సరిపెట్టుకొనరాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి పొట్టచేతబట్టుకొని ఈ దీవులకు వచ్చి, వలలతోను కూలిపనులతోను బ్రదుకుచున్న తెలుగువారు మన చుట్టును పెక్కుమంది కలరు. వారి పిల్లలకు తెలుగు అక్షరము నేర్పువారు కావలెను. మనలో ప్రతి కుటుంబమును చదివి అటకపై పెట్టిన నాలుగు పుస్తకములను తెచ్చి ఒక బీరువా నింపినచో, వారానికి ఒక సాయంకాలము ఆ పిల్లలతో గడపినచో, గాడిచర్లవారికి అంతకుమించిన నివాళి యుండదు. తరగతిగదినుండి వెడలగొట్టబడిన ఆ విద్యార్థి ఊరూర తరగతిగది తలుపులు తెరచిరి. ఆ తలుపులలో ఒకటి ఈ దీవులలోను తెరచియుంచుట మన వంతు.