ఎమిల్ కోల్

ఎమిల్ కోల్ (జనవరి 4, 1857 - జనవరి 20, 1938) ఫ్రాన్సు దేశానికి చెందిన వ్యంగ్య చిత్రకారుడు, మూకీ యుగపు యానిమేషన్ చిత్రాల ఆద్యులలో ఒకడు. అసలు పేరు ఎమిల్ కూర్తే. 1908లో ఈయన తీసిన ఫాంతస్మగోరీని, చేతితో గీసిన బొమ్మలతో తయారైన తొలి కార్టూను చిత్రంగా పలువురు చరిత్రకారులు పరిగణిస్తారు.

తొలి జీవితం

పారిస్‌లో జన్మించిన కోల్, ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు ఆంద్రే జీల్ వద్ద శిష్యరికం చేశాడు. 1882లో జూల్ లెవీ ప్రారంభించిన 'ఇన్‌కోహెరెంట్లు' అనే కళాకారుల బృందంలో చేరాడు. అర్థం పర్థం లేకపోవడమే వీరి సిద్ధాంతం. బొమ్మలు గీయడం రానివారు గీసిన బొమ్మలతో వీరు ప్రదర్శన జరిపారు. ఈ బృందపు ప్రదర్శనలో 1883లో అల్ఫోన్స్ అల్లే ఒక ఖాళీ తెల్లకాగితాన్ని ఉంచి, మంచులో నడుస్తున్న రక్తహీన బాలికల చిత్రమని దానికి పేరు పెట్టాడు. కోల్ చిత్రాలలోని వింత హాస్యానికి మూలం ఇక్కడే ఉంది. 1910లో తీసిన ఒక చిత్రంలో ఆయన ఇదే పరిహాసాన్ని తెరకెక్కించాడు. అందులో ఒక చిత్రకారుడు ఒకే రంగు పూసిన పటాలను కొనవచ్చినవానికి చూపుతూ, ఎర్రని పటంలో ఎర్రసముద్రపు ఒడ్డున టమాటాలతో రొయ్య తింటున్న మతాధికారి ఉన్నాడని నమ్మబలుకుతాడు.

ఫాంతస్మగోరీ

కోల్ సినీరంగంలో ప్రవేశించేనాటికి ఆయనకు యాభై ఏళ్ళు. తన బొమ్మకథను ఒక సినిమా పోస్టరులో దొంగిలించారని గోమోన్ సంస్థతో పోట్లాడబోయి అక్కడే ఉద్యోగం సంపాదించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది నిజమో కాదో గానీ ఆయన స్వభావానికి మాత్రం తగినదే.

ఫాంతస్మగోరీ 1908 ఆగస్టు 17న పారిస్‌లో ప్రదర్శితమైంది. నిడివి రెండు నిమిషాలకు లోపే. దీనికోసం కోల్ సుమారు 700 బొమ్మలు గీశాడు. క్రింద దీపం వెలిగే గాజుపలకపై పాత బొమ్మనుంచి, దానిమీద కొత్త కాగితం పరచి, రేఖలను కొద్దిగా జరుపుతూ గీసేవాడు. తెల్లకాగితంపై నల్లసిరాతో గీసి నెగటివుగా ముద్రించడంచేత తెరపై నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినట్లు కనిపిస్తుంది. ఈ చిత్రానికి కథ లేదు. ఒక విదూషకుడు ఉంటాడు, సీసా పువ్వుగా మారుతుంది, తల మొండెం విడిపోతాయి, తెరలోకి చిత్రకారుని చెయ్యి వచ్చి అతుకుతుంది. ఒక రూపం మరొక రూపంలోకి కరగిపోవడమే దీని హాస్యం. ఆంద్రే బ్రెతోన్ అధివాస్తవికతా ప్రకటన వెలువడినది దీనికి పదహారేళ్ళ తరువాత, 1924లో.

చివరి దశ

1912లో ఎక్లేర్ సంస్థ తరపున అమెరికాలోని ఫోర్ట్ లీ పట్టణానికి వెళ్ళి, జార్జ్ మక్‌మానస్ బొమ్మకథ ఆధారంగా 'ది న్యూలీవెడ్స్' అనే చిత్రమాలను తీశాడు. 1914లో ఆ స్టూడియో అగ్నికి ఆహుతైంది. ఆ మాలలో నేటికి మిగిలినది ఒక్క చిత్రమే.

కోల్ ఒంటరిగా పనిచేసేవాడు. పనిని పలువురికి పంచి వేగంగా బొమ్మలు తయారుచేసే అమెరికన్ స్టూడియోల ముందు ఆయన పద్ధతి నిలువలేదు. ముసలితనం పేదరికంలో గడిచింది. కొవ్వొత్తి మంట గడ్డానికి అంటుకొని తీవ్రంగా గాయపడ్డాడు. 1938 జనవరి 20న మరణించాడు. మాయాచిత్రాల దర్శకుడు జార్జెస్ మెలియెస్ ఆ మరునాడే కన్నుమూశాడు.