మీనశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే

ఫ్రాన్సిస్ డే 1829లో ఇంగ్లండున జన్మించెను. వైద్యవిద్య నభ్యసించి, 1852లో మద్రాసు సైన్యమున వైద్యుడుగా చేరెను. చేపలనిన ఆయనకు ప్రాణము. ఈకలతో పురుగువలె కట్టిన గాలమునకు చిక్కు ఇంగ్లండు ట్రౌటు చేపలను నీలగిరి వాగులలో పెంచుటకు 1860వ దశకమున యత్నించెను, అది ఫలింపలేదు. అయినను ఆయన నిరాశ చెందలేదు.

కాటన్ దొర కట్టిన ఆనకట్టలు పైరులను బ్రతికించెను. కాని సముద్రమునుండి ఎదురీది వచ్చి గ్రుడ్లుపెట్టు గోదావరి పులసవంటి చేపలకు అవి అడ్డుగోడలాయెను. ఆనకట్టల వలని ఈ కీడును కాటన్ దొరయే ప్రభుత్వమునకు ఎరిగించెను. విచారణకు నియుక్తుడైన డే పెక్కు నదులను పరిశీలించెను. ఆనకట్టలలో చేపలకు దారి విడువవలెననియు, పిల్లచేపలను పట్టు సన్నకన్నుల వలలను నిషేధింపవలెననియు సూచించెను. 1873లో ఆయన నివేదిక వెలువడెను.

1400కు పైగా చేపజాతులను వర్ణించు ఆయన మహాగ్రంథము 1875–78లో ప్రకటితమాయెను. 1889లో ఆయన మరణించెను. మత్స్యరక్షణకు భారతదేశమున చట్టము 1897లో వచ్చెను. పొలమునకు నీరును, చేపకు దారియు రెండును కావలెనని ఆయన జీవితము తెలుపుచున్నది.