గురువు స్థానం వదులుకున్న యర్రగుంట్ల పేరయ్య

ఒంగోలు ప్రాంతంలోని తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. రాజయోగం నేర్చి, శిష్యులున్న గురువు కూడా. ఊరు అంటరానివాడన్న మనిషికి శిష్యుల మొక్కులు చిన్న గౌరవం కాదు. 1866లో జూయెట్ దొర చేత బాప్తిస్మం పొందాక ఆ గౌరవాన్నీ వదిలేశాడు. మొక్కు దేవుడికేనని నమ్మి, కాలినడకన మాదిగవాడలు తిరిగి క్రీస్తును ప్రకటించాడు.

1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. ఆదివారం వెట్టికీ, జాతరలో డప్పు కొట్టడానికీ నిరాకరించిన మాదిగ విశ్వాసులను పెత్తందార్లు వేధించారు. దేవుడికి లొంగినవాళ్లు దొరతనానికి లొంగలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర ఆ లెక్కను క్లౌ దొర పేరున రాసుకుంది. పేరయ్య తన పేరు కోసం బతకలేదు. అందుకే ఆ పేరు నిలపాల్సిన బాధ్యత మనది.