కుందేలుకి పట్టా

పోయిన ఏడు మా ఊరి తిరునాళ్ళలో మా అక్క కూతురికి బొమ్మ కొనాల్సి వచ్చింది. టీవీలో రోజూ చూసే కార్టూను పాత్ర బొమ్మే కావాలని పిల్ల మొండిపట్టు పట్టింది. ఒక కొట్లో ఆ బొమ్మ మెడకి చిన్న చీటీ కట్టి నాలుగు వందలు చెప్పారు. పక్క కొట్లో చీటీ లేని బొమ్మ నూట ఇరవై. రెండింటికీ అదే ముఖం, అదే చొక్కా. ఆ చీటీ ఖరీదు రెండు వందల ఎనభై ఎందుకయిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పుస్తకంలోనో సినిమాలోనో పుట్టిన పాత్రని బొమ్మగా చేసి అమ్ముకోవాలంటే, ఆ పాత్ర హక్కుదారుకి డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవాలట. మా చెరువు చేపల వేలంలో పాటదారులు ఒకరిమీదొకరు పెంచుకుపోయినట్టు, బొమ్మల కంపెనీలు ఈ అనుమతుల కోసం పోటీలు పడతాయి. ఈ బేరానికి తొలిరోజుల్లో దారి వేసిన వాళ్ళలో ఒకామె ఇంగ్లండులో గొర్రెలు కాచుకున్న రైతు అని చదివాక, ఆమెను వదలబుద్ధి కాలేదు. ఆమె పేరు బియాట్రిక్స్ పాటర్.

1866 జులై 28న లండన్‌లో కలవారింట పుట్టింది. తాతల నాటి ఆస్తి లాంకషైర్ నూలు గుడ్డల వ్యాపారంలోది. మన నేతగాళ్ళ మగ్గాలు పడుకోబెట్టిన ఆ లాంకషైరే. తమ్ముణ్ణి బడికి పంపారుగానీ ఈమెను పంపలేదు. ఇంట్లోనే పంతులమ్మలు. పై అంతస్తు గదిలో అక్కాతమ్ముళ్ళు కుందేళ్ళనీ కప్పల్నీ గబ్బిలాల్నీ పెంచుతూ, వాటిని చూసి బొమ్మలు గీస్తూ పెరిగారు.

బాటనీ విద్యార్థిగా నేను ఇక్కడ కాసేపు ఆగాలి. ముప్ఫై ఏళ్ళ వయసులో ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పుట్టగొడుగుల సిద్ధబీజాలు మొలకెత్తడం చూసి, చూసింది చూసినట్టు గీసింది. ఆమె మేనత్త భర్త అయిన హెన్రీ రాస్కో, మనం ఫొటోకెమిస్ట్రీలో చదివే బన్సెన్-రాస్కో నియమంలోని రాస్కోయే. ఆయన వెంటబెట్టుకుని క్యూ ఉద్యానవనానికి తీసుకెళ్ళినా, అక్కడి డైరెక్టరు ఆమె పనిని లెక్కచెయ్యలేదు. 1897 ఏప్రిల్ 1న లినియన్ సొసైటీలో ఆమె పరిశోధన పత్రం చదివారు, కానీ ఆ గదిలో ఆమె లేదు. ఆడవాళ్ళకి అప్పట్లో ప్రవేశం లేదు మరి. తరవాత ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది, అది అచ్చు కాలేదు. నూరేళ్ళ తరవాత, 1997లో, ఆ సొసైటీ ఆమెకి అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఆమె అప్పటికి పోయి యాభై ఏళ్ళు దాటింది.

శాస్త్రం తలుపు మూసింది కాబట్టి కథలలోకి వచ్చిందని కొందరు రాస్తారుగానీ, తేదీలు చూస్తే అలా కనిపించదు. కుందేలు అంతకు ముందే పుట్టింది. తనకి చదువు చెప్పిన ఒక పంతులమ్మ కొడుకు, అయిదేళ్ళ నోయెల్, జబ్బుపడి మంచంమీద ఉన్నాడని 1893 సెప్టెంబరు 4న వాడికి బొమ్మలతో ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలోదే పీటర్ అనే అల్లరి కుందేలు. ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించుకుంది. 1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ దాన్ని రంగుల్లో అచ్చు వేసింది. ఆ ఏడాది ముగిసేసరికి 28,000 ప్రతులు అచ్చయ్యాయి.

కానీ వార్న్ వాళ్ళు అమెరికాలో కాపీరైటు నమోదు చేయించలేదు. దాంతో అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ పుస్తకాన్ని వేసుకుని అమ్ముకున్నారు. పైసా కూడా ఆమెకి ముట్టలేదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. మాకు చారల వంగ రకం ఒకటి ఉంది. పాతికేళ్ళుగా నాన్న ఏటా మంచి కాయల్ని చెట్టునే పండనిచ్చి, విత్తనం తీసి, బూడిద పట్టించి, ఎండబెట్టి దాస్తారు. తెగులు తక్కువ, కాయ పగలదు. అడిగిన వాళ్ళకల్లా దోసిలితో ఇచ్చేవారు. నాలుగేళ్ళ కిందట ఒక విత్తనాల కొట్టతను కూడా పట్టికెళ్ళాడు. మరుసటి ఏడు అదే విత్తనం రంగుల పొట్లాల్లో, వేరే పేరుతో అమ్మకానికి వచ్చింది. మా బాబాయే తెలియక ఒక పొట్లం కొనుక్కొచ్చాడు. నాన్న ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా దూలం మీద పెట్టేశారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

పాటర్ అలా ఊరుకోలేదు. 1903లో తానే కేలికో గుడ్డ కత్తిరించి, కుట్టి, బ్రష్షు వెంట్రుకలు పీకి మీసాలుగా పెట్టి పీటర్ బొమ్మ తయారుచేసింది. ఆ డిసెంబరు 28న పేటెంటు ఆఫీసులో దాని నమూనాని నమోదు చేయించింది. ఒక కథాపాత్రని బొమ్మగా ఇలా పట్టా చేయించుకున్న వాళ్ళు అంతకు ముందు ఎవరైనా ఉన్నా బహు తక్కువ. మరుసటేడు పిల్లలు ఆడుకునే గళ్ళ ఆట ఒకటి రూపొందించింది. గోడకాగితాలకి నమూనాలు గీసింది. ఏ వస్తువు మీద తన కుందేలు వచ్చినా ముందు తను చూడాలి, ముఖం చెడితే ఒప్పుకోదు.

పట్టా ఉన్నా బొమ్మ చేసేవాడు దొరకాలి గదా. ఇంగ్లండు బొమ్మల పనివాళ్ళు అప్పటికే చితికిపోయారు. జర్మనీ నుంచి చవక బొమ్మలు సుంకం లేకుండా దిగుతున్నాయి. జర్మనీలోని ష్టైఫ్ కంపెనీ పీటర్ బొమ్మలు చేసిందిగానీ, తన దేశంలో తన కుందేలుని కుట్టే మనిషి లేకపోవడం ఆమెకి కొరుకుడు పడలేదు. 1910 ఎన్నికల్లో దిగుమతి సుంకాలు వెయ్యాలన్న పక్షాన నిలబడింది. దక్షిణ లండన్‌లోని కాంబర్‌వెల్ బొమ్మల పనివాళ్ళు ఎలా నాశనమయ్యారో చూపిస్తూ పోస్టర్లు చేత్తో గీసి పంచింది. గీసిందైతే గీసింది, అప్పటికి ఆడవాళ్ళకి ఓటు లేదు.

ఆమె సొంత కష్టం కూడా చెప్పాలి. పుస్తకాల పని చూసే నార్మన్ వార్న్‌తో 1905 జులైలో పెళ్ళి నిశ్చయించుకుంది. వ్యాపారస్తుల ఇంటికి పిల్లనివ్వడమేమిటని తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. తమ ఆస్తీ వ్యాపారంలోదేనన్న సంగతి మరిచారు కాబోలు. నెల తిరగకుండానే నార్మన్ జబ్బుచేసి పోయాడు. ఆ ఏడే ఆమె ఉత్తరాన కొండల దగ్గర సారీ గ్రామంలో హిల్ టాప్ అనే పొలం కొనుక్కుంది. 1913లో, నలభై ఏడో ఏట, అక్కడి వకీలు విలియం హీలిస్‌ని పెళ్ళాడింది.

1917లో నార్మన్ అన్న హెరాల్డ్ దొంగ సంతకాల కేసులో జైలుపాలయ్యాడు. వార్న్ కంపెనీ మునిగే స్థితి. కంపెనీ అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నది ఈమెకే. తన బాకీ కోసం పీక మీద కూర్చోలేదు, కొత్త పుస్తకం ఇచ్చింది. బొమ్మల అనుమతుల వ్యవహారం కంపెనీ అప్పటినుంచి శ్రద్ధగా నడిపింది.

ఇంతలో అమెరికాలో ఈ బేరం పెద్ద పరిశ్రమ అయింది. వాల్ట్ డిస్నీ 1929లో పిల్లల రాతపుస్తకాల మీద మిక్కీ ఎలుక బొమ్మకి 300 డాలర్లు పుచ్చుకున్నాడు. 1932లో కే కామెన్ అనే వర్తకుణ్ణి అనుమతుల పనికి పెట్టుకున్నాక కంపెనీలు వరస కట్టాయి. లయొనెల్ అనే బొమ్మ రైళ్ళ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి, 1934లో మిక్కీ, మిన్నీ తోసే పట్టాలబండి చేసి సుమారు 2,50,000 అమ్ముకుంది. అదే డిస్నీ 1936లో పీటర్‌ని సినిమా తీస్తానంటే పాటర్ ఒప్పుకోలేదు.

నన్నడిగితే, అప్పటికి ఆమె మనసంతా గొర్రెల మీదే ఉంది. హెర్డ్‌విక్ అని కొండల్లో బతికే గట్టి జాతి, ఉన్ని ముతక, ధర తక్కువ. ఆ జాతి తగ్గిపోతుందని పూనుకుని పెంచింది. పుస్తకాల డబ్బూ బొమ్మల డబ్బూ పుట్టింటి డబ్బూ కలిపి పొలం తరవాత పొలం కొంది. వానలో గోనెపట్టా కప్పుకుని చెక్కబూట్లతో పోతుంటే, ఒక దిమ్మరి ఆమెను తనలాంటిదే అనుకుని జాలిగా పలకరించాడట. 1943లో హెర్డ్‌విక్ పెంపకందార్ల సంఘం ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆ కుర్చీలో కూర్చోకముందే డిసెంబరు 22న కన్నుమూసింది. 4,000 ఎకరాలు పైబడిన భూమినీ పొలాలనీ నేషనల్ ట్రస్టుకి రాసేసింది. హెర్డ్‌విక్ గొర్రెలు అక్కడ మెయ్యాలన్న షరతు కూడా పెట్టింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఒక ఫారం తీసుకెళ్ళాను. రైతులు తాము కాపాడుకొచ్చిన రకాన్ని తమ పేరిట నమోదు చేసుకోవచ్చని మనకి 2001లోనే చట్టం వచ్చింది. రైతుకి రుసుము కూడా లేదు. కాయ పొడవు, చారల రంగు, పూతకి ఎన్నాళ్ళు, అన్నీ నాన్న తడుముకోకుండా చెప్పారు, నేను రాశాను. రకం పేరు అన్న గడి దగ్గర ఆగిపోయాం. పేరేమిటి, వంకాయేగా అన్నట్టు చూశారు. దూలం మీది పొట్లం దించి, వాళ్ళు పెట్టిన పేరు మరోసారి చదివించుకున్నారు. ఫారం ఇంకా నా పెట్టెలోనే ఉంది, ఈ వేసవిలో మళ్ళీ అడగాలి.