ఎమిల్ బెర్లినర్: గ్రామఫోను ప్లేటు మొదలు సీడీ వరకు

చేలలో పిట్టలను బెదరించుటకు పాత సీడీలను దారమున గట్టి వ్రేలాడదీయుట మన నంబులపూలకుంట ప్రాంతపు బాలబాలికలకు క్రొత్త గాదు. ఎండ తగిలినప్పుడు వానిపై ఇంద్రధనుస్సు రంగులు మెరయును. ఒకప్పుడు పాటలు వినిపించిన ఆ బిళ్లలో పాట యెచ్చట దాగియున్నది? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు, సీడీ పుట్టుటకు ఏబదిమూడేండ్ల ముందే గతించిన యొక పరిశ్రమశాలి చరిత్రతో మేము మొదలుపెట్టవలసియున్నది.

ఎమిల్ బెర్లినర్ 1851 వ సంవత్సరము మే 20 వ తేదీన జర్మనీలోని హనోవర్ పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. సంతానము పెక్కు, సంపాదన కొంచెము. అందుచే పదునాలుగవ యేటనే అతని బడిచదువు ముగిసెను. అచ్చుకూటమునను, బట్టల దుకాణమునను పనిచేసిన పిమ్మట 1870 లో అతడు అమెరికాకు ఓడ యెక్కెను. వాషింగ్టనులో అంగడి గుమాస్తాగ నుండెను. న్యూయార్కులో ఒక రసాయనశాలయందు సీసాలు కడిగెను. పగలు కూలి, రాత్రి కూపర్ సంస్థలో చదువు. 1877 లో టెలిఫోనున మాటను చక్కగ గ్రహించు సాధనమును కల్పింపగా, బెల్ కంపెనీవారు దానిని గొని అతనిని తమ కొలువున జేర్చుకొనిరి.

ఆ యేడే ఎడిసన్ పండితుడు ఫోనోగ్రాఫును నిర్మించెను. అందు ధ్వని గొట్టముపై చెక్కబడెడిది. కాని ఒక గొట్టమునుండి వేలకొలది ప్రతులు తీయుట కుదరకపోయెను. గాయకుడు మరల మరల పాడవలసి వచ్చెడిది. బెర్లినర్ ఈ చిక్కును విప్పెను. 1887 లో గొట్టమునకు బదులు చదునైన బిళ్లను గైకొని, జింకు రేకుపై పలుచని మైనపు పొర పూసి, సూదిచే ధ్వనిని గీయించి, ఆ గీతను ఆమ్లముచే తినిపించెను. దానినుండి ఎదురుగీతలుగల లోహపు అచ్చును చేసి, ఆ అచ్చుతో ఎన్ని ప్లేట్లనైన నొత్తవచ్చునని కనుగొనెను. 1888 మే నెలలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థలో ఈ యంత్రమును ప్రదర్శించెను. మొదట రబ్బరుతోను, తరువాత లక్క మిశ్రమముతోను ప్లేట్లు చేయబడెను.

1898 లో సోదరుడు జోసెఫ్‌తో గూడి హనోవరులో కర్మాగారము స్థాపించెను. 1902 లో కలకత్తాలో గ్రహించిన గౌహర్ జాన్ మొదలగువారి పాటలు అచ్చటనే ముద్రింపబడెను. ఆనాడు లక్క ప్రధానముగ మన దేశమునుండియే యెగుమతి యయ్యెడిది. మన అడవుల లక్క ఓడపై పోయి, మన పాటయై తిరిగివచ్చెను.

అయినను అతనికి కష్టము తప్పలేదు. వ్యాపార వివాదము న్యాయస్థానమున కెక్కి, 1900 లో తన యంత్రమును తానే అమెరికాలో అమ్ముకొనరాని దుస్థితి యేర్పడెను. అతడు క్రుంగిపోక కెనడాలోని మాంట్రియల్‌లో వ్యాపారము సాగించెను. తన కుమార్తె జబ్బుపడి కోలుకొనిన పిమ్మట, పిల్లలకిచ్చు పాలు శుద్ధముగ నుండవలెనని దేశమంతట ప్రచారము గావించెను. 1929 ఆగస్టు 3 వ తేదీన వాషింగ్టనులో కన్నుమూసెను.

1982 ఆగస్టులో హనోవరు చెంతనున్న లాంగెన్‌హాగెనులో, బెర్లినర్ సోదరుల కంపెనీ పరంపరకు చెందిన కర్మాగారమున, సీడీలు తొలిసారిగ వాణిజ్యమునకై ముద్రింపబడెను. ఇందు ధ్వనిని గీతగా గీయరు. సెకనుకు 44,100 మార్లు కొలిచి సంఖ్యలుగ వ్రాయుదురు. గురువు, లఘువు అను రెండు గుర్తులతోనే యే పద్యమునకైన గణవిభజన చేయునట్లు, ఒకటి, సున్న అను రెండింటితోనే ప్రతి కొలతను పదునారు స్థానములలో వ్రాయుదురు. ఈ వ్రాత కంటికి కానరాని గుంటల వరుసయై, బిళ్ల నడుమనుండి అంచువైపునకు చుట్లు తిరుగుచు సాగును. లేసరు కాంతి ఆ వరుసపై పడి తిరిగివచ్చును. గుంట అంచు దాటినపుడెల్ల ఆ వెలుగు మారును. ఆ మార్పు ఒకటి, మార్పులేనిది సున్న. చిన్న గీత పడి కొన్ని సంఖ్యలు చెరిగినను, ముందుగ చేర్చియుంచిన అదనపు సంఖ్యల సాయమున యంత్రము వానిని లెక్కగట్టి పూరించుకొనును. చుట్టునకు చుట్టునకు నడుమ యెడము మిల్లీమీటరులో వేయింట ఒకటిన్నర వంతుకు కొంచెము మించును. చేలలో మనము చూచు రంగులు ఈ సన్నని వరుసలవలన గలిగినవే.

సూది పోయెను, మైనము పోయెను, లక్కయు పోయెను. కాని చదునైన బిళ్ల, చుట్లు తిరుగు వరుస, ఒక అచ్చునుండి వేల ప్రతులు అను బెర్లినర్ ఉపాయము మాత్రము సీడీలోను నిలిచెను. అమ్ముకొను హక్కును న్యాయస్థానము ఆపగలిగెను గాని, ఆ యోచనను ఎవరును ఆపలేకపోయిరి. బడి మధ్యలో ఆగినను చదువు నాపక, సీసాలు కడిగిన చేతులతోనే రాత్రులు పుస్తకము పట్టిన ఆ యువకుని మా విద్యార్థులు మరువకుందురుగాక యని కోరుచున్నాము.