లెక్కల పుస్తకం దాచిన క్లబ్బు... నింద మోసిన మేనేజరు

లండన్ నగరంలోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు క్రీడాభిమానులు చాలామంది వినే ఉంటారు. ఆ క్లబ్బును పెద్ద క్లబ్బుల సరసన నిలబెట్టిన మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్. జనవరి 6 ఆయన వర్ధంతి. 1934లో అదే రోజున కన్నుమూశారు. ఆయన గెలిపించిన కప్పుల గురించి అందరూ చెబుతారు. క్లబ్బు పెద్దలు డబ్బు విషయంలో చేసిన తప్పులకు ఆయన పడిన పాట్ల గురించి చెప్పేవారు తక్కువ.

గని కార్మికుని బిడ్డ

చాప్‌మన్ 1878 జనవరి 19న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. తండ్రి జాన్ గనిలోకి దిగి బొగ్గు తవ్వేవారు. ఆయనకు చదువు రాదు. కొడుకు మాత్రం షెఫీల్డ్‌లోని సాంకేతిక కళాశాలలో గనుల ఇంజనీరింగు చదువుకున్నారు. చదువుతో పాటు బంతినీ వదల్లేదు. గ్రిమ్స్‌బీ, స్విండన్, నాట్స్ కౌంటీ, టాటెన్‌హామ్ వంటి ఎన్నో క్లబ్బులకు ఆడారు. అయినా ఆటగాడిగా పెద్ద పేరు రాలేదు.

పేరు వచ్చింది మేనేజరు అయ్యాకే. ఆటగాళ్లను ఎంచి, తర్ఫీదు ఇచ్చి, ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించేవాడు మేనేజరు. 1907లో నార్తాంప్టన్ టౌన్ జట్టు చాప్‌మన్ చేతికి వచ్చింది. అప్పటికి ఆ జట్టుది సదరన్ లీగ్‌లో అట్టడుగు స్థానం. రెండేళ్లు తిరిగేసరికి, 1909లో, అదే జట్టు ఆ లీగ్‌లో విజేత అయింది.

అప్పుల క్లబ్బులో కొలువు

1912లో లీడ్స్ సిటీ క్లబ్బు ఆయనను పిలిచింది. ఇంగ్లండులో ఈ క్లబ్బులు కంపెనీల వంటివి. వాటాదారులు ఉంటారు, డైరెక్టర్లు ఉంటారు. అప్పట్లో టిక్కెట్ల మీద వచ్చే డబ్బుతో జీతాలు, మైదానం ఖర్చులు గడవాల్సి ఉండేది. జట్టు ఓడితే జనం రారు, జనం రాకపోతే డబ్బు రాదు. లీడ్స్ సిటీ పరిస్థితి అప్పటికి అదే. అప్పులు తీర్చలేక క్లబ్బు రిసీవరు చేతిలోకి పోయింది. నోరిస్ హెప్‌వర్త్ అనే బట్టల వ్యాపారి సొంత డబ్బు వేలాది పౌండ్లు పోసి దాన్ని బతికిస్తూ వచ్చారు.

చాప్‌మన్ రాకతో జట్టు లేచింది. రెండో ఏటికల్లా రెండో డివిజన్‌లో నాలుగో స్థానానికి ఎగబాకింది. జనం పెరిగారు. కానీ 1914లో హెప్‌వర్త్ చనిపోయారు. క్లబ్బు వేరే పెద్దల చేతికి మారింది. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

యుద్ధ కాలంలో లీగ్ పోటీలు ఆగిపోయాయి. క్లబ్బులు చిన్న చిన్న పోటీలు ఆడుకున్నాయి. ఆ ఆటలకు జీతాలు ఇవ్వకూడదు, దారి ఖర్చులు తప్ప మరేమీ ఇవ్వరాదు అన్నది నియమం. దగ్గరలో ఉద్యోగంలోనో సైన్యంలోనో ఉన్న పెద్ద ఆటగాళ్లను ఇతర క్లబ్బులు అతిథులుగా ఆడించుకునేవి. చాప్‌మన్ 1916లో క్లబ్బు పని వదిలి లీడ్స్ దగ్గరి బార్న్‌బో ఫిరంగి గుండ్ల కర్మాగారంలో మేనేజరుగా చేరారు. క్లబ్బు వ్యవహారాలు ఇతరులు చూశారు.

పుస్తకాలు బయటికి రాలేదు

యుద్ధం ముగిశాక 1919లో నిప్పు రాజుకుంది. చార్లీ కోప్‌లాండ్ అనే ఆటగాడు జీతం పెంచమని అడిగాడు. క్లబ్బు కాదంది. యుద్ధ కాలంలో అతిథి ఆటగాళ్లకు క్లబ్బు దొంగచాటుగా డబ్బు ముట్టజెప్పిందని ఆయన అధికారులకు ఫిర్యాదు చేశాడు. విచారణ సంఘం కూర్చుంది. లెక్కల పుస్తకాలు తెమ్మని గడువు పెట్టింది. గడువు దాటింది, పుస్తకాలు రాలేదు.

1919 అక్టోబరు 13న లీగ్ సంస్థ లీడ్స్ సిటీని బహిష్కరించింది. అప్పటికి ఆ ఏడాది ఎనిమిది ఆటలే అయ్యాయి. మిగిలిన ఆటలు పోర్ట్ వేల్ క్లబ్బుకు ఇచ్చారు. అక్టోబరు 17న లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్లో ఆటగాళ్లను అమ్మకానికి పెట్టారు. ఇతర క్లబ్బుల వారు వచ్చి, సంతలో ఎడ్లను బేరమాడినట్టు, మనిషికి ఇంత అని ధర కట్టి తీసుకుపోయారు. అందరికన్నా ఎక్కువ పలికిన ఆటగాడి వెల 1,250 పౌండ్లు. పుస్తకాలు దాచింది పెద్దలు. కూలిపోయింది ఆటగాళ్ల కాపురాలు.

చాప్‌మన్‌తో సహా అయిదుగురు క్లబ్బు అధికారులను ఫుట్‌బాల్ నుంచి వెలివేశారు. చెల్లింపులు జరిగాయంటున్న కాలంలో చాలా భాగం ఆయన గుండ్ల కర్మాగారంలో ఉన్నారు. కానీ లెక్కలు బయటికి రాకపోతే ఎవరు చేసింది ఎంతో తేలేదెలా? దోషికీ నిర్దోషికీ ఒకటే శిక్ష పడింది.

అప్పటికే ఆయన సెల్బీ పట్టణంలో నూనె తీసి పశువులకు చెక్క తయారుచేసే మిల్లులో ఉద్యోగానికి కుదిరారు. 1920 చివరలో ఆ ఉద్యోగమూ పోయింది. నలుగురు బిడ్డల తండ్రి. చేతిలో పని లేదు. తెలిసిన విద్య చేయడానికి వీల్లేదు.

ఊరు కాపాడుకున్న క్లబ్బు

ఆ సమయంలో పక్క పట్టణం హడర్స్‌ఫీల్డ్ నుంచి పిలుపు వచ్చింది. ఆ క్లబ్బుకూ యజమాని గండం ఉంది. దాని పెద్ద హిల్టన్ క్రౌథర్ ఉన్ని మిల్లుల వారు. హడర్స్‌ఫీల్డ్‌లో ఆటకు జనం చాలడం లేదని, క్లబ్బు మొత్తాన్ని ఖాళీ అయిన లీడ్స్ మైదానానికి తరలించాలని 1919లో తలపెట్టారు. ఊరి జనం ఊరుకోలేదు. మా క్లబ్బు మాకే ఉండాలని పట్టుబట్టారు. క్రౌథర్‌కు క్లబ్బు బాకీ 25,000 పౌండ్లు. తలా కొంత వేసుకుని వాటాలు కొన్నారు. క్లబ్బు ఊళ్లోనే నిలిచింది. క్రౌథర్ వెళ్లి, కొత్తగా పుట్టిన లీడ్స్ యునైటెడ్ క్లబ్బుకు పెద్ద అయ్యారు.

హడర్స్‌ఫీల్డ్ వారు చాప్‌మన్ పక్షాన నిలిచి, ఆ రోజుల్లో ఆయన కర్మాగారంలో ఉన్నారని అధికారులకు విన్నవించారు. నిషేధం తొలగింది. 1921లో ఆయన ఆ జట్టు పగ్గాలు పట్టారు. 1922లో ఎఫ్.ఎ. కప్పు వచ్చింది. 1924, 1925 సంవత్సరాల్లో వరుసగా లీగ్ విజేత. ఆయన వెళ్లాక 1926లో కూడా అదే జట్టు గెలిచింది. వరుసగా మూడుసార్లు గెలిచిన మొదటి క్లబ్బు అదే. ఊరు చందాలతో నిలబెట్టుకున్న క్లబ్బు దేశంలోనే మొదటిదైంది.

ఆర్సెనల్ పెద్ద కథ

1925లో చాప్‌మన్ ఆర్సెనల్‌కు వెళ్లారు. జీతం ఏడాదికి 2,000 పౌండ్లు. క్లబ్బు అధ్యక్షుడు సర్ హెన్రీ నోరిస్ ఇళ్లు కట్టించి గడించిన వారు. 1910లో దివాలా తీసిన క్లబ్బును చేపట్టి, 1913లో హైబరీకి తెచ్చింది ఆయనే. మాట కటువు, పట్టు ఎక్కువ. మేనేజరు కావాలని ఇచ్చిన ప్రకటనలోనే, భారీగా డబ్బు పోసి ఆటగాళ్లను కొనే ఆలోచన ఉన్నవారు రానక్కర్లేదని రాయించారు. చాప్‌మన్ మాత్రం మంచి ఆటగాడికి మంచి ధర పెట్టాల్సిందే అన్నారు. సండర్‌లాండ్ నుంచి చార్లీ బుకన్‌ను తెచ్చినప్పుడు ఒక వింత ఒప్పందం జరిగింది. ముందు 2,000 పౌండ్లు, ఆ పైన మొదటి ఏడాది కొట్టిన ప్రతి గోలుకూ 100 పౌండ్లు. బుకన్ గోళ్లు కొడుతూ పోయారు. లెక్క 4,000 పౌండ్లు దాటింది.

కొత్త మేనేజరు ఖర్చు మీద అంత కన్ను వేసిన నోరిస్ తన సొంత ఖర్చులను క్లబ్బు ఖాతాలో రాసుకున్నట్టు తర్వాత విచారణలో తేలింది. క్లబ్బు బస్సు అమ్మగా వచ్చిన 125 పౌండ్లు కూడా ఆయన జేబులోకే వెళ్లాయి. నోరిస్ కోర్టుకెక్కారు. 1929 ఫిబ్రవరిలో కేసు ఓడిపోయారు. ఫుట్‌బాల్ నుంచి శాశ్వతంగా వెళ్లిపోయారు.

ఆ విచారణ నాటి నుంచి చాప్‌మన్‌కు అడ్డు లేకపోయింది. 1928లో డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నారు. అంతకు ముందు ఏ ఆటగాడికీ పది వేలు దాటలేదు. ఆ బేరం నాడు అవతలి వారికి సారా పోయించి, తన గ్లాసులో ఉత్త నీళ్లే పోయమని వెయిటరుకు ముందే చెప్పి ఉంచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1930లో ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో తన పాత జట్టు హడర్స్‌ఫీల్డ్‌నే ఓడించారు. 1931, 1933 సంవత్సరాల్లో లీగ్ గెలిచారు. హైబరీ పక్కన ఉన్న భూగర్భ రైలు స్టేషనుకు 1932లో ఆర్సెనల్ పేరు పెట్టించింది కూడా ఆయనే.

చివరి ప్రయాణం

1934 కొత్త సంవత్సరం రోజున ఆటగాళ్లను చూసి రావడానికి బరీ అనే పట్టణానికి వెళ్లారు. మర్నాడు షెఫీల్డ్‌లో మరో ఆట చూశారు. జలుబుతో లండన్ చేరారు. ఆ ఒంటితోనే ఆర్సెనల్ మూడో జట్టు ఆట చూడటానికి వెళ్లారు. న్యుమోనియాగా మారి జనవరి 6 తెల్లవారుజామున ప్రాణం తీసింది. వయసు 55. ఆ రోజు మధ్యాహ్నం హైబరీలో ఆట ఉంది. ఆటగాళ్లు దుఃఖంతోనే మైదానంలోకి దిగారు.

ఆయన చివరిసారి చూసిన జట్లలో ఒకటైన బరీ క్లబ్బుకు తర్వాతి కాలంలో లీడ్స్ సిటీ గతే పట్టింది. 2018 డిసెంబరులో ఆ క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. అప్పులు తీర్చే దారి, క్లబ్బు నడిపే డబ్బు యజమాని చూపలేకపోయాడు. 2019 ఆగస్టులో లీగ్ దాన్ని బహిష్కరించింది. లీడ్స్ సిటీ పోయి దాదాపు నూరేళ్లు. అక్కడా చివరికి మైదానాన్ని 2022లో తిరిగి కొనుక్కున్నది అభిమానులే. 2023లో బరీ పేరుతో జట్టు మళ్లీ బంతి తన్నింది.

చాప్‌మన్ ఏ జట్టునైనా గెలిపించగలిగారు. లెక్కలు దాచిన పెద్దల నుంచి తన మొదటి పెద్ద జట్టును మాత్రం కాపాడలేకపోయారు. క్లబ్బు అయినా, ఊరి సంఘమైనా, పుస్తకం నలుగురి ముందు తెరిచి ఉన్నన్నాళ్లే అది నలుగురిది.