కంటికి కానరాని కవచం – మైకేల్ ఫారడే

పేదరికాన్ని జయించిన శాస్త్రవేత్తలను స్మరించినప్పుడు ముందుగా మన మనసున మెదిలే పేరు మైకేల్ ఫారడేది. ఆయన 1791 సెప్టెంబరు 22న లండను చెంతనున్న న్యూవింగ్టన్‌లో ఒక కమ్మరి ఇంట జన్మించాడు. బడిచదువు చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలతో ముగిసింది. 1805లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో ఏడేండ్ల శిష్యరికానికి కుదిరి, చేతికి వచ్చిన గ్రంథాలనే గురువులుగా చేసుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వ్రాసుకొని, స్వయంగా బైండు కట్టి ఆయనకే పంపాడు. మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా చేరాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను, అటుపిమ్మట విద్యుద్విశ్లేషణ నియమాలను లోకానికి అందించాడు.

ఆయన పరిశోధనలలో అంతగా ప్రచారం పొందనిది ఒకటి ఉన్నది. 1836లో బాజెల్ నగరం నుండి షోన్‌బైన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఆయనకు ఒక వింతను తెలియజేశాడు. సజల నత్రికామ్లంలో ఇనుము పొంగుతూ కరుగుతుంది. అదే ఇనుమును ముందుగా గాఢామ్లంలో ముంచితే, ఆ పిమ్మట సజలామ్లంలో ఉంచినా చెక్కుచెదరదు. ఫారడే తానే పరీక్షించి, అట్టి ఇనుము విద్యుత్ ఘటంలో ప్లాటినం వలె ప్రవర్తించుటను గమనించాడు. లోహపు ఉపరితలం ఆక్సిజన్‌తో కలిసి, లేదా దానితో అట్టి సంబంధమే పొంది, లోపలి లోహాన్ని కాపాడుతున్నదని భావించాడు. షోన్‌బైన్ సమ్మతించలేదు. కంటికి కానరాని పొరను చూపుట ఎట్లు? 1867 ఆగస్టు 25న ఫారడే కన్నుమూసే నాటికీ వివాదం తీరలేదు. 1927లో ఇవాన్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఆ పలుచని పొరను ఇనుము నుండి వేరుచేసి చూపాడు.

ఇటువంటి రక్షక పొర వేరొక రూపంలో నేడు మన సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉన్నది. లిథియం అయాన్ బ్యాటరీని తొలిసారి చార్జి చేసినప్పుడు అందలి ద్రావణం కొంత విచ్ఛిన్నమై గ్రాఫైట్ ఎలక్ట్రోడుపై పొరగా ఏర్పడుతుంది. అది లిథియం అయాన్లకు దారి ఇచ్చి, ఎలక్ట్రాన్లను అడ్డగిస్తుంది. అందుకు కొంత లిథియం వ్యయమైనా, ఆ పొర లేనిచో ద్రావణం నానాటికీ క్షీణించి బ్యాటరీ నిరుపయోగమవుతుంది. లిథియంపై ఏర్పడే ఇట్టి పొర స్వభావాన్ని 1979లో పెలెడ్ వివరించాడు.

ఉన్నత గణితం ఎరుగని లోటు ఫారడేకు కడదాకా ఉన్నది. ఆ లోటును ఆయన ఓపికతో చేసిన ప్రయోగాలతో, ఏనాడూ మానని దినచర్య వ్రాతతో పూరించుకున్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి తలుపు తట్టినా వలదన్నాడు. ఇంట పుస్తకాలు లేవని, తండ్రి కూలివాడని కుంగిపోయే విద్యార్థి మన తరగతులలోనూ ఉన్నాడు. అతని చేతికి మనం ఒక నోటుపుస్తకమిచ్చి, ప్రయోగశాల తలుపు తెరిచి ఉంచగలిగితే ఫారడేను స్మరించినందుకు సార్థకత కలుగుతుంది.